పని లేకుండా ఊరెళ్ళిన టీచరుగారు

మా వీధి సోషల్ టీచరుగారు పోయారు. ఒక గురువారం పొద్దున్న పాలు తీసుకుని లోపలికి వెళ్ళారు, కుర్చీలో కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. అమలాపురంలో మా చుట్టుపక్కల ఆవిడ దగ్గర చదువుకోని ఇల్లు లేదు. చర్చి నిండిపోయి జనం రోడ్డు మీద నిలబడ్డారు. సమాధి దగ్గర మాట్లాడినవాళ్ళంతా ఒకటే చెప్పారు, చాలా నెమ్మదస్తురాలని, ఎవరి మాటా కాదని ఎరగరని. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి చూసినదాన్ని, ఆ మాట ఒప్పుకోను.

పైకి ఎదురు చెప్పేవారు కాదు, అంతవరకు నిజమే. ఎవరేం వద్దన్నా "ఆయ్, అలాగేనండి" అనేవారు. అనేసి తాను అనుకున్నదే చేసేవారు. ఆవిడ గొంతు లేవడం నేనెప్పుడూ వినలేదు, ఆవిడ వెనక్కి తగ్గడమూ చూడలేదు.

రిటైరైన ఏడాది మా వీధి ఆడవాళ్ళని కూర్చోబెట్టి, రెండు రోజులు విశాఖపట్నం వెళ్దామన్నారు. దేనికని అడిగాం. మేం ఊరెళ్ళాలంటే మొక్కయినా ఉండాలి, పెళ్ళయినా ఉండాలి, ఆస్పత్రయినా ఉండాలి. నేను అప్పటికి విశాఖ వెళ్ళింది ఒక్కసారే, మా ఆయన మస్కట్ వెళ్ళేముందు వైద్యపరీక్షలకి తోడుగా.

"పనేం లేదండి. కొండ చూద్దాం. ముప్పై ఏళ్ళు ఈ పల్లపు నేల మీద నిలబడి పిల్లలకి కొండల పాఠం చెప్పేను. బోర్డు మీద గీయడమే గానీ ఒక్కళ్ళకీ చూపించలేదు" అన్నారు.

మా అత్తగారు మండిపడ్డారు. మొగుడు పరాయి దేశంలో ఎండలో మాడుతుంటే పెళ్ళాం షికార్లు తిరుగుతుందా అని. టీచరుగారు మా వరండాలో కూర్చుని అంతా విన్నారు, ఆయ్ అన్నారు, టీ తాగారు. మీరూ రండి వదినగారూ అని ఆవిణ్ణి కూడా పిలిచారు. వెళ్తూ వెళ్తూ, బస్సు పొద్దున్న అయిదింటికని నాతో చెప్పి మరీ వెళ్ళారు.

ఆ మొదటి ప్రయాణాన్ని నేనే పాడుచేశాను. విశాఖలో మా పిన్ని కూతురుంది. ఆ ఊరెళ్తూ చెప్పకపోతే జీవితాంతం దెప్పుతుందని భయపడి ఫోన్ చేశాను. బస్సు దిగేసరికి మా మరిది రెండు ఆటోలతో సిద్ధంగా ఉన్నాడు. ఇంకేముంది, తొమ్మిదిమందికీ భోజనాలు, సాయంత్రం చిరుతిళ్ళు, రాత్రి మళ్ళీ భోజనాలు, మర్నాడు బొట్టు పెట్టి జాకెట్టు ముక్కలు. కొండ చూశాం, వాళ్ళ డాబా మీద నుంచి, రెండు అపార్ట్‌మెంట్ల సందులో జానెడు. తిరుగు బస్సులో నేను సిగ్గుతో తల వంచుకుంటే టీచరుగారు నా పక్కకి వచ్చి కూర్చున్నారు.

"మీ చెల్లెలి ఇల్లు చాలా బాగుందమ్మా. వచ్చే ఏడు మాత్రం మనం ఊరు చూద్దాం" అన్నారు.

మరుసటి ఏడు నుంచి చుట్టాలకి చెప్పకూడదన్నది మొదటి షరతు. ప్లాను ఆవిడే వేసేవారు, తెల్లకాగితం మీద స్కేలు పెట్టి దారి గీసి. సగం రోజు అడవికో కొండకో, సగం రోజు ఆ ఊరి మనుషులకి. ఒక ఏడు తెల్లారకముందే చేపల రేవుకి తీసుకెళ్ళి, వేలం పాడే ఆడవాళ్ళ వెనక నిలబెట్టారు. ఇంకో ఏడు దారిలో ఏటికొప్పాక దింపి, లక్కబొమ్మలు చేసే చోట కూర్చోబెట్టారు. నేను బండారులంక నేతవాళ్ళ ఇంట్లో పుట్టాను. చేతిపని చూడ్డానికి ఇంత దూరం రావాలా అని గొణిగాను. బొమ్మ చేసే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీ మగ్గం ఎలా ఉంటుందో చెప్పమంది. నా మగ్గం గురించి అంతవరకు నన్నెవరూ అడగలేదు.

ఒకసారి అడిగాను, ఇంతమంది చేత మాటలు పడి ఇదంతా ఎందుకండీ అని.

"మా అమ్మమ్మ కూలికి పిలిచిన చేలోకి తప్ప బతుకంతా ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. అందుకే ఎవరూ పిలవని చోటికి నేను వెళ్తాను" అన్నారు.

ఈ ఏడు ప్లాను కూడా వేసేసి పోయారు. సరిగ్గా పదో రోజుకి ప్రయాణం. వీధిలో మనిషి పోతే షికారేమిటని అందరూ అన్నారు. ఈసారి ఆగితే ఇక ఎప్పటికీ ఆగినట్టేనని నాకు తెలుసు. ఎవరొచ్చినా రాకపోయినా నేను వెళ్తానన్నాను. ఆవిడ లాగా ఆయ్ అనడం నాకు చేతకాదు, గట్టిగానే అరిచాను. నలుగురు వస్తామన్నారు. శనివారం చీకటితో గుమ్మం దిగేసరికి మా అత్తగారు చెప్పులేసుకుని బయట నిలబడి ఉన్నారు.

"ఏటా పిలిచేరు. ఏటా కాదన్నాను" అన్నారు. నాకంటే ముందు నడిచారు.

ఆ రోజు సాయంత్రం భీమిలి దారిలో కొండెక్కాం. కాగితంలో అక్కడికి నాలుగు గంటలకని రాసి, పక్కన ఏమీ రాయలేదు. మరిచిపోయారనుకున్నాం. కాసేపటికి అర్థమైంది, ఆ సాయంత్రం కావాలనే ఖాళీగా వదిలారని. కింద సముద్రం, పైన గాలి. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం మాకెవరికీ అలవాటు లేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాం, మంచినీళ్ళు తాగాం. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. పొద్దు వాలుతోంది, ఇక దిగుదామా అత్తయ్యగారూ అన్నాను.

"ఎవరికి వండాలమ్మా ఇప్పుడు? కూర్చో" అన్నారు మా అత్తగారు. చెప్పులు విడిచి, ఆ రాతి మీద రెండు కాళ్ళూ సముద్రంవైపు బార్లా చాపుకున్నారు.