కట్టుకొక కథ

నిన్న ఉదయం వార్డులో కొత్త నర్సింగ్ విద్యార్థిని ఒకతె నా పక్కన వంగి, కాలిన గాయాలకు పూసే తెల్ల క్రీము డబ్బా మూత తీసింది. నాకు క్రీము వాసన తగల్లేదు, ఆ పిల్ల జడలోంచి మరో వాసన తగిలింది. మా వైపు మందు అంటే రెండర్థాలు. ఒకటి రోగానికి వేసేది, రెండోది టపాకాయల్లో కూరేది. తల్లి టపాకాయల పనికి పోయివచ్చి బిడ్డ పక్కన ఒకే దిండు మీద పడుకుంటే ఆ రెండో మందు వాసన బిడ్డ జుట్టుకు పడుతుంది. ఎంత సీకాయ రుద్దినా పోదు. మా ఏళాయిరంపన్నైలో ఒకామె తల దువ్వుకుంటే నిప్పురవ్వలు రాలిపడేవని నేను చెబుతుంటాను. అది నమ్మకండి. వాసన సంగతి మాత్రం నమ్మండి. నేనూ విరుదునగర్‌కు ఆ వాసనతోనే వచ్చాను. నా వెనక నన్ను నెట్టుకొచ్చిన మనిషి పాకియం టీచర్.

పాకియం టీచర్‌ది కళుగుమలై పక్క. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగుకూ తమిళం అంటుకునే ఉంటుంది: ‘రొంబ’ అంటే చాలా, ‘దా’ అంటే మాటను నొక్కడం, ఇక ‘మే’ అంటే ఒసేయ్. అగ్గిపెట్టెలు అంటించే క్రైస్తవుల ఇంట పుట్టి, విరుదునగర్‌లో ఒక నర్సింగ్ స్కూల్లో పాఠం చెప్పేదాకా వచ్చింది. బక్కపలచటి మనిషి. ఎండకూ వానకూ ఒకే నల్ల గొడుగు. ఆమె నవ్వితే స్కూలుకు సెలవిచ్చేవారని చెబుతుంటాను. సెలవు మాట అబద్ధం, నవ్వకపోవడం నిజం.

ఆమెను మొదట చూసింది కోవిల్‌పట్టి నుంచి మా ఊరికి పోయే బస్సులో. ఎవరిదో పెళ్ళికి వస్తోంది. అప్పుడు నేనూ, మా పక్కింటి పిల్ల మారీ, కోవిల్‌పట్టిలో ఒక మేడ మీద ‘ఒకే ఏడాదిలో నర్సు’ అని బోర్డు కట్టిన చోట చేరి ఉన్నాం. తెల్లకోట్లు తొడుక్కుని బస్సెక్కితే కండక్టరు కూడా సిస్టర్ అని పిలిచేవాడు. ఆ గర్వంతో నేను వెనక సీటు అవ్వకు మేం చేసిన ఆపరేషన్ గురించి చెబుతున్నాను. గుండె బయటికి తీశామనీ, కడిగి ఆరబెట్టామనీ, మళ్ళీ పెట్టేటప్పుడు తలకిందులైందనీ. అవ్వ నోరు తెరుచుకుని వింటోంది. మారి నా తొడ గిల్లుతోంది. ముందు సీటులో గొడుగు పట్టుకుని కూర్చున్నామె వెనక్కి తిరిగింది.

“ఏ వార్డులమే జరిగింది ఇది?”

“వార్డు ఇంకా చూడలేదక్కా,” మారి నిజం కక్కేసింది. “ఇప్పుడు దిండుకుదా సూది వేస్తాండాం.”

“కౌన్సిల్‌ల మీ పేరు ఎక్కుతుందా?”

“ఎక్కకుండా?” అన్నాన్నేను. “మా సారుకు కౌన్సిలర్ రొంబ తెలిసినోడు.”

ఆమె మా ఇద్దరినీ చూసింది. “వీధి కుళాయికి నీళ్ళు రావాలంటే కౌన్సిలర్ కావాల. మీరు రోగిని ముట్టాలంటే నర్సింగ్ కౌన్సిల్‌ల పేరు ఉండాల. అది వేరే, ఇది వేరే. పేరు ఎక్కకుంటే మీ సర్టిఫికెట్టు మిట్టాయి చుట్టేదానికిదా పనికొస్తుంది.”

పెళ్ళి మాట మరిచిపోయి ఆమె మాతో మా వీధికి వచ్చింది. మా అమ్మనూ, మారి వాళ్ళ నాయిననూ మా ఇంటి ముందు కూర్చోబెట్టింది. పల్లెల్లో తిరిగి కాన్పులూ టీకాలూ చూసుకునే పనికి రెండేళ్ళ చదువు ఉంది. ఆసుపత్రిలో నిలబడాలంటే మూడేళ్ళ డిప్లొమా. మార్కులుంటే నాలుగేళ్ళ డిగ్రీ. డిప్లొమా అయినాక డిగ్రీకి పోయే దారీ ఉంది. సర్కారు సీటు దొరికితే ఖర్చు తక్కువ, నెలనెలా భత్యం కూడా చేతికిస్తారు. దొరకకుంటే స్కాలర్‌షిప్పుకు తాలూకా ఆఫీసులో కులం, ఆదాయం కాగితాలు తీసుకోవాలి. బ్యాంకులో చదువు అప్పు అడగొచ్చు. హాస్టల్ ఉంది. ఇవన్నీ ఆమె వంట చెప్పినట్టు చెప్పింది. ఏది ముందు, ఏది తరువాత, దేన్ని మాడనివ్వకూడదు అని.

మా అమ్మ టపాకాయల పనికి పోతూనే, ఇంట్లో అగ్గిపెట్టెలు అంటించీ అంటించీ వేళ్ళరేఖలు అరిగిపోయిన మనిషి. ఎక్కువ అడగలేదు. “దీని నోటికి అడ్డం పడే పని ఏదైనా ఉంటే అందుల చేర్చు తల్లీ,” అంది. మారి వాళ్ళ నాయిన లేచి నిలబడ్డాడు.

“మూడేండ్లు నాకు తాళదమ్మా. ఏడాదికి అయిపోయేది ఉండంగా మూడేండ్లు ఎందుకు? వాళ్ళూ నర్సు అనిదా బోర్డు పెట్టినారు.”

“బోర్డు ఎవరైనా కట్టొచ్చు అన్నా,” అంది టీచర్. ఆయన వినలేదు. ఆమె మళ్ళీ చెప్పింది, ఇంకోసారి చెప్పింది. మారి తలుపు దగ్గర నిలబడి వింటోంది. తరువాత నాతో నవ్వుతూనే అంది: “నువ్వు పోమే. నేను నీకన్నా ముందే నర్సయ్యి నీకే సూది వేస్తాను.”

నా పన్నెండో తరగతి మార్కుల పట్టీ ఆ మేడ మీద సారు బీరువాలో ఉంది. అడిగితే తాళం మదురైలో ఉందన్నాడు. పాకియం టీచర్ బీరువాను ఒక్కతే భుజాన వేసుకుని మెట్లు దిగిందని నేను ఎంతోమందికి చెప్పాను. నిజానికి ఆమె ఏమీ ఎత్తలేదు. మెట్ల మీద గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేరడానికి వచ్చిన ప్రతి పిల్లనూ, ప్రతి తల్లినీ ఆపి ఒకే మాట అడిగింది: “కౌన్సిల్‌ల పేరు ఎక్కుతుందా అని పైన కనుక్కుని పోండి.” పైకి ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి తాళం మదురై నుంచి రెక్కలు కట్టుకుని వచ్చింది. మారి కాగితాలు కూడా ఇమ్మని అడిగింది టీచర్. వాళ్ళ నాయిన వచ్చి అడిగితేనే ఇస్తానన్నాడు సారు. ఆయన రాలేదు.

విరుదునగర్‌లో డిప్లొమాకు చేరాక నన్ను ఆమె పేరు పెట్టి పిలవలేదు. పుళుగు అంటే మా వైపు అబద్ధం. నేను పుళుగుమూట. మొదటిసారి వార్డుకు పోయిన రోజు, స్టవ్వు పేలి చెయ్యి కాలిన ఒకామె డ్రెస్సింగుకు కేకలు పెడుతోంది. నాకు భయమేసి, భయంలో నోరు ఆగక, మా ఊళ్ళో పెట్రోమాక్స్ దీపాన్ని పెళ్ళాడిన మేక గురించి మొదలుపెట్టాను. ఆమె కేకలు ఆపి నాతో వాదనకు దిగింది. మేక ఎక్కడైనా దీపాన్ని పెళ్ళాడుతుందా అని. ఆ వాదనలోనే కట్టు అయిపోయింది. టీచర్ నన్ను బయటికి పిలిచింది. ఇంటికి పంపేస్తుందనుకున్నాను.

“నువ్వు చెప్పేది కట్టుకథ. నువ్వు కట్టేది కట్టు,” అంది. “రెండూ ఒకే తూరి మొదలుపెట్టి, ఒకే తూరి ముగించేదానికి నేర్చుకో. అయితే ఒకటి. ముందు ‘నొప్పి ఉంటుంది’ అని చెప్పాల. ఆమీదదా నీ పుళుగు. నొప్పి గురించీ చావు గురించీ అబద్ధం చెప్తే మరుసటి దినం వాళ్ళు నీకు చెయ్యి ఇయ్యరు.”

అంతవరకూ నా నోరు నాకు తన్నులు తెచ్చిపెట్టేదే గాని, ఎవరికీ పనికొచ్చింది లేదు.

మారి తన ఏడాది ముగించింది. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి గోడకు తగిలించారు. కోవిల్‌పట్టిలో, సాత్తూరులో ఆమె ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ప్రతిచోటా టీచర్ బస్సులో అడిగిన మాటే అడిగారు. ఒక క్లినిక్కులో గదులు ఊడ్చే పని ఇస్తామన్నారు. కొన్నాళ్ళు ఊడ్చింది. ఆ తరువాత వాళ్ళ నాయిన చేసే టపాకాయల పనికే పోయింది. నేను సెలవుకు ఊరికి పోతే, మందు అంటుకుని వెండిరంగు తిరిగిన చేతులు చూపించి, “చూడుమే, నేనుకూడా మందుదా ఇస్తాండాను,” అని నవ్వేది.

నా చదువు మూడో ఏట, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, టపాకాయల మందు పేలి కాలితే ఆసుపత్రికి వ్యానులో తెచ్చిన వాళ్ళలో మారి ఉంది. ముఖం చూసి పోల్చుకోలేదు. మాట విని పోల్చుకున్నాను. బడి నుంచీ తమిళం గడగడా మాట్లాడే పిల్ల, ఆ రోజు ఆమె నోట తమిళం ఒక్క ముక్క రాలేదు. “మంట, మంట,” అంటోంది. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుకు అది ‘మండై’ అని వినపడింది. తమిళంలో మండై అంటే తలకాయ. తలకు దెబ్బ తగిలిందనుకుని ఆయన కళ్ళల్లో టార్చి వేసి చూస్తున్నాడు. పాకియం టీచర్ గదిలోకి వస్తూనే ఆ మాట వింది.

“తల కాదు డాక్టర్. ఒళ్ళు మండుతోంది అంటోంది. నొప్పికి ఇంజెక్షన్ రాయండి,” అని తమిళంలో చెప్పి, మారి వైపు వంగి తెలుగులో అంది: “నేనుమే, పాకియం. విన్నాను. మంటదా. తెలుసు.”

కట్టు నన్నే కట్టమంది మారి. టీచర్ నా ఎదురుగా నిలబడి గాజుగుడ్డలు అందించింది. నొప్పి ఉంటుందని చెప్పాను. ఆమీద కళుగుమలై గద్ద కథ మొదలుపెట్టాను; కళుగుమలై అంటేనే గద్దకొండ. ఆ గద్ద కోవిల్‌పట్టికి వచ్చి కడలమిట్టాయి అనే వేరుశనగ పాకం అచ్చు ఒకటి ఎత్తుకుపోయింది. కొండ మీద కూర్చుని కొరికితే ముక్కు బెల్లం పాకంలో ఇరుక్కుపోయింది. అరవలేదు, తినలేదు. మారి పెదవుల చివర కొంచెం కదిలింది. అంతలో అడిగింది.

“బతుకుతానామే?”

బతుకుతావు అన్న మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. నేను పుట్టిందే అలాంటి మాటలు చెప్పడానికి. టీచర్ నాకన్నా ముందు నోరు తెరిచింది.

“తెలీదు బిడ్డా. రొంబ కాలింది. నేను ఈడదా ఉంటాను.”

మారి కళ్ళు మూసుకుని తెరిచింది. తరువాత, “సరి. గద్ద ఏమాయె?” అంది.

నేను తల వంచుకుని గుడ్డ చుట్టాను. కట్టు ముడి పడింది, కథ కొండ మీదే ఉండిపోయింది. “రేపు చెప్తాను,” అన్నాను. టీచర్ నా వైపు చూసింది. మరునాడు నేను డ్యూటీకి వచ్చేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పాకియం టీచర్ పక్కన స్టూలు మీద కూర్చునే ఉంది, చీర కూడా మార్చుకోలేదు.

ఆ వారం నుంచి ఆమె ప్రతి ఆదివారం కోవిల్‌పట్టి బస్టాండులో, మిట్టాయి కొట్టు పక్క బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. తెల్లకోటు కనిపిస్తే చాలు గొడుగుతో ఆపేది. కొందరు పిచ్చిదనుకున్నారు. ఆ మేడ మీది సారు పోలీసులకు చెబుతానన్నాడు. పన్నెండు ముగిసిన పిల్లల తల్లులు మాత్రం అడుగుతూ వచ్చేవారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ బెంచీ మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆమెలా నాకు మౌనం చేతకాదు కనుక, ముందు రెండు పుళుగులు చెప్పి నవ్వించి, తరువాత కౌన్సిల్ మాట అడుగుతాను. నిన్నటి పిల్ల ఆ బెంచీ దగ్గరికి వచ్చినదే.

నిన్న మంచం మీద ఉన్నది కాలి మీద వేణ్ణీళ్ళు పడ్డ ఒక ముసలామె. ఆ పిల్ల డబ్బా పట్టుకుని ముద్దుగా అంది: “భయపడాకవ్వా, నొప్పే ఉండదు.”

నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపాను. “నిజం చెప్పుమే.”

పిల్ల నా ముఖం చూసింది, అవ్వ ముఖం చూసింది. “నొప్పి ఉంటుందవ్వా,” అంది.

అవ్వ కాలు ముందుకు చాపింది. నేను గద్ద కథ ఎత్తుకున్నాను. పాత గుడ్డ తడిసి ఊడేసరికి గద్ద మిట్టాయి ఎత్తుకుపోయింది. క్రీము రాసేసరికి ముక్కు ఇరుక్కుంది. గుడ్డ చుట్టేసరికి కళుగుమలైలో వాన పడింది, పాకం కరిగింది, ముక్కు విడింది, గద్ద ఊరంతా వినపడేలా అరిచి ఎగిరిపోయింది. అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ముడి వేశాను. రేపటికి ఏమీ మిగల్చలేదు.