మేజోళ్లు ఆరిన పలక

మా వీధి చివర మోటార్లకు తీగ చుట్టే ఆవిణ్ణి అందరూ రాగి పిన్ని అంటారు. ముప్పై ఏళ్లుగా రాగితీగతోనే కాపురం. ఇది ఆవిడ చెప్పగా విన్నదే. మధ్యలో అడ్డుపడి నేనడిగిన ప్రశ్నలు మాత్రం వదిలేస్తున్నాను.

పిన్ని వాళ్లక్కది బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ. వేళ్లలో పట్టు పోయాక ప్లగ్గు తనే పెట్టుకోలేదు. "సోమవారం నుంచి ఆసుపత్రి విచారణ కిటికీలో ఉద్యోగం. రోజూ చార్జింగుకి ఒకరిని బతిమాలాలంటే ఆ ఉద్యోగమే వద్దు," అని తెగేసి చెప్పింది.

పిన్నికి పంతం వచ్చింది. పుస్తకాలు తెచ్చి, బుర్రకెక్కేదాకా చదివి, నేలమీద పలక వేసి దానిపైన ఒక తీగచుట్ట, కుర్చీ అడుగున ఇంకొకటి బిగించింది. కుర్చీ వచ్చి పైన నిలిస్తే చాలు, నాలుగు వేళ్ల ఖాళీ దాటి కరెంటు ఎక్కాలి.

ఎక్కింది. కానీ గోడలోంచి వంద పాళ్లు లాగితే బ్యాటరీకి చేరేది యాభై మూడే. పొద్దంతా నిలిపినా సగమే నిండేది. ఆ సగంతో ఆసుపత్రికి వెళ్లగలదు, తిరిగి రాలేదు.

శనివారం పిన్ని చుట్టలు విప్పి మళ్లీ చుట్టింది, మూడుసార్లు. అంకె కదల్లేదు. తల పట్టుకు కూర్చుంటే, అక్క ఒళ్లోని తడి మేజోళ్లు కింద పలక అంచుమీదకి జారవిడిచింది.

"అక్కడెందుకక్కా?"

"వారం నుంచీ ఇక్కడేగా ఆరేస్తున్నా. నీ యంత్రానికి వచ్చిన పని ఇదొక్కటే."

పిన్ని పలకకి అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. మోటారంటే ఇనుములో తీగ చుట్టడమే కాబట్టి, చేతి అలవాటుకొద్దీ ఇక్కడా చుట్ట కింద దిట్టమైన ఇనప పలక వేసేసింది. ఈ చుట్టలో కరెంటు సెకనుకి వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ ఊపుకి పలక వేడెక్కి, కుర్చీకి పోవాల్సింది తనే మింగుతోంది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా మేజోళ్లు పట్టాయి," అంది అక్క.

ఆదివారం పొద్దున్నే ఇనుము పీకి చెక్క వేసింది పిన్ని. పాత టీవీల్లోంచి తీసి దాచిన నల్లటి ఫెర్రైటు ముక్కలు చుట్ట కింద పేర్చింది. అవి అయస్కాంత బలాన్ని పైకి మళ్లిస్తాయి, పెద్దగా వేడెక్కవు. కెపాసిటర్లు మార్చి రెండు చుట్టలకీ శ్రుతి కలిపింది. మీటరు వందకి ఎనభై ఆరు చూపించింది. నమ్మలేక ఇంకో మీటరు పెట్టింది. ఎనభై ఆరే.

సాయంత్రానికి బ్యాటరీ నిండింది. సోమవారం అక్క వెళ్లి, ఐదున్నరకి తనే తిరిగొచ్చి, కుర్చీని నేరుగా చుట్టమీద నిలుపుకుంది. ఎవర్నీ పిలవలేదు. కాసేపయ్యాక పిలిచింది.

"ఏమే, మేజోళ్లు ఆరట్లేదు."

"ఇంక ఆరవక్కా," అంది పిన్ని. "తాడు కడతానుండు."