వెనక్కి వాలిన ‘ఫాస్ట్’

నవ్వుకోండ్రి, మీ ఇష్టం! మొన్న అమీర్‌పేట గోడల మీద వెల్లకిల పడ్డ ఇంగ్లీషు అక్షరాలు చూసిన్రు గదా? అవి చెక్కింది నేనే. తలెందుకు దించుకుంట?

సంగతేందంటే, మా పంజాగుట్ట ప్రెస్సుకు యాదగిరన్న వచ్చిండు. అమీర్‌పేటల కొత్తగ సైకిల్ దుకాణం పెట్టిండు. "నర్సింలూ, పోస్టర్ మీద ‘ఫాస్ట్’ అని ఇంగ్లీషుల మస్తు లావుగ కొట్టు. చూస్తనే సైకిల్ ఉరికినట్టు ఉండాలె" అన్నడు.

నా దగ్గర ఒక విలాయతి కేటలాగ్ ఉంది. అందుల ఒక రకం అక్షరాలున్నయి, కొసలకు తోకలు లేవు, కొమ్ములు లేవు. మంచి బలంగ, ముందుకు వాలి ఉంటయి. చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది! కానీ యుద్ధం నడుస్తుంది, కొత్త సీసపు అక్షరాలు ఏడ దొరుకుతయి? "టేకు చెక్క మీద నేనే చెక్కుత" అన్న.

"ఉన్న నిలువక్షరాలు ఏం పాపం చేసినయి? ఖరాబైతే మళ్ల ఉలి ముట్టనియ్య" అన్నడు ప్రెస్ సేటు.

"ఖరాబైతే నేనే ముట్ట!" అన్న. నాకు సుత పౌరుషం లేదా?

అచ్చు అక్షరాన్ని అద్దంల కనబడ్డట్టు తిప్పి చెక్కాలె. అప్పుడే కాయితం మీద సక్కగ పడుతది. అట్లనే ఎఫ్ తిప్పిన, ఎస్ తిప్పిన. వాలు మాత్రం తిప్పలే! కేటలాగ్‌ల ఉన్నట్టే కుడికి వాల్చిన. నా చేతి మీద నాకు అంత నమ్మకం, ప్రూఫ్ సుత తియ్యలే. పోస్టర్లన్నీ కొట్టినంక చూస్తే నాలుగక్షరాలూ వెనక్కి ఒరిగినయి.

యాదగిరన్న పోస్టర్ చేతిల పట్టుకొని, "ఏంది భాయ్, సైకిల్ ఉరుకుతుందా, బ్రేక్ కొట్టిందా?" అన్నడు.

సేటు ఉలి కోసం చెయ్యి చాపిండు. నేను ఇస్తనా?

"అన్నా, సైకిల్ జోరుగ పోతుంటే నీ అంగీ ఎటు ఎగుర్తది?"

"ఎనకకు."

"మరి! అక్షరాలకు గాలి తగుల్తుంది!"

యాదగిరన్న తల అటు వంచి చూసిండు, ఇటు వంచి చూసిండు. "షబ్బాష్!" అని పోస్టర్లన్నీ మోసుకపోయిండు. సేటు చాపిన చెయ్యి మెల్లగ జేబుల పెట్టుకున్నడు.

నాలుగు దినాలకు యాదగిరన్న మళ్ల వచ్చిండు. "జనం ఆగి చూస్తుండ్రు! దుకాణం పేరు మొత్తం గా గాలి అక్షరాలతోనే కొట్టాలె."

మీసం దువ్వుకొని కూసున్న. ఈసారి తప్పు పోవద్దని, పక్కన అద్దం పెట్టుకొని మరీ, వాలు సుత తిప్పి చెక్కిన. ప్రూఫ్ తీసిన. ఏం అక్షరాలవి! అచ్చం కేటలాగ్‌ల లెక్కనే, ముందుకు వాలి ఉరుకుతున్నయి!

యాదగిరన్న చూసి నెత్తి పట్టుకున్నడు. "ఇవి బోర్ల పడుతున్నయి గదా! గాలి ఏది భాయ్?"

నిన్నటి సంది మళ్ల చెక్కుతున్న. ఉలి నా చేతులనే ఉంది, ఎవ్వనికీ ఇయ్యలే. కానీ మీకు చెప్తే ఏంది, కావాలని చేద్దామంటే ఆ తప్పు చేతికి వస్తలేదు!