తాండూరుకు సముద్రం వచ్చిన ఏడాది

"తాండూరులో సముద్రం ఎటువైపు ఉందమ్మా?"

ఎగ్జామినర్ గారు ఈ మాట అడిగినప్పుడు నేను బీరువా వెనక నిలబడి పాత పత్రికలు కట్టలు కడుతున్నాను. కాలేజీ గదులకు రంగులు వేస్తున్నారని, ఆ ఏడాది డిగ్రీ చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్ట్ వైవాలు నా లైబ్రరీలోనే పెట్టారు. రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరులో దిగి, ఈ లైబ్రరీ తలుపు తెరవడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో దారి పొడుగునా కంది చేలు చూశాను, నాపరాయి లారీలు చూశాను, ఆ లారీలు లేపిన దుమ్మంతా మింగాను. సముద్రం మాత్రం ఎన్నడూ కంటబడలేదు. అందుకని నేనూ చెవులు రిక్కించాను.

ఆయన ఎదురుగా కూర్చున్న పిల్లది దోమ మండలంలో ఒక పల్లె. ఇంట్లో వాళ్ళకు గొర్ల మంద ఉంది, ఆమె ఇక్కడ హాస్టల్లో ఉండి సోషియాలజీ చదువుతోంది. చురుకైన పిల్లే గానీ ఆ రోజు బిక్కుబిక్కుమంటూ ఉంది. "బస్టాండ్ ఎనక సార్" అంది.

ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ప్రాజెక్ట్ అట్టను ఆమె వైపు తిప్పాడు. "తాండూరు తీరప్రాంత మత్స్యకార కుటుంబాల జీవనం" అని బంగారు రంగు అక్షరాలు తళతళలాడుతున్నాయి. లోపల ఒక పేజీ తీసి చదివాడు. తాండూరు అలలట, తాండూరు రేవట, తాండూరు తుఫానులో గల్లంతైన పడవలట! నేను కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. ఆ పిల్ల తల తిప్పి నావైపు చూసింది. ఆ కళ్ళలో నీళ్ళు చూశాక నా నవ్వు ఎటో పోయింది.

ఆయన మరీ కఠినుడేం కాదు. "వారం రోజులు టైం ఇస్తున్నాను. సొంతంగా చేసిన ప్రాజెక్ట్ తీసుకురా. లేదంటే ఫెయిల్ వెయ్యక తప్పదు" అన్నాడు. మిగతా పిల్లలకైతే ఫెయిలంటే మళ్ళీ రాసుకోవడమే. ఈమె అప్పటికే ఎమ్మే ఎంట్రన్స్ రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంది. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ నాటికి డిగ్రీ చేతిలో లేకపోతే సీటు చేజారినట్టే. ఇంట్లో మొదటిసారి ఇంత దూరం చదివింది ఈమే.

అందరూ వెళ్ళిపోయాక కూడా ఆ పిల్ల కుర్చీలోంచి లేవలేదు. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమే, లోపల ఏమున్నదో చదవకుండనే ఇచ్చినవా?"

"బైండింగ్ గిప్పుడే అయింది మేడం. చదువుదామంటే టైం లేకపాయె."

"ఎక్కడ కొన్నవ్?"

"భాయ్ కాడ."

భాయ్ అంటే కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్ యజమాని. పత్తి రైతులు, పొదుపు సంఘాలు, బాల కార్మికులు, ఏది కావాలంటే ఆ ప్రాజెక్ట్ ఆయన దగ్గర తయారుగా ఉంటుంది. మీద పేరు, లోపల ఊరు మారిస్తే చాలు. ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండేది అందుకే. ఎండాకాలం సెలవులన్నీ కూర్చొని నేను ఈ పిల్లల కోసమే ఆన్‌లైన్‌లో ఒక లైబ్రరీ గైడ్ తయారు చేశాను. ఉచితంగా చదువుకునే పత్రికలు ఎక్కడ దొరుకుతాయి, దేశంలోని థీసిస్‌లన్నీ ఏ భాండారంలో ఉంటాయి, జనాభా లెక్కల పట్టికలు ఎలా తీయాలి, మనుషుల్ని ప్రశ్నలు అడిగే ముందు ఏం చెప్పాలి, ఎవరి మాట ఎవరిదని ఎలా రాయాలి, అన్నీ తెలుగులో వివరంగా పెట్టాను. ఫోన్‌తో స్కాన్ చేస్తే తెరుచుకునేలా ఆ నలుపు తెలుపు గళ్ళ బొమ్మను లైబ్రరీ తలుపుకే అంటించాను. ఒక్క పురుగు కూడా తెరిచి చూడలేదు.

"అంత గైడ్ పెడితే చూడనే చూడవైతివి గద!" అన్నాను.

"ఏ గైడ్ మేడం?"

చెయ్యి పట్టుకొని తలుపు దగ్గరికి లాక్కుపోయాను. "మరి గిదేంది?"

ఆ పిల్ల బొమ్మను చూసింది, నన్ను చూసింది. "గిది ఫైన్ కట్టే స్కానర్ గద మేడం!"

"ఏంది?"

"పుస్తకం లేట్ జేస్తే మీరు ఊకోరు గద. గందుకే తలుపుకే స్కానర్ పెట్టిన్రని అందరం అనుకున్నం. గప్పటిసంది గీ దిక్కే ఎవ్వరు వస్తలేరు."

ఓరి దేవుడా! నేను గడప మీదే కూలబడ్డాను. కోపం రావాలి, రాలేదు. నవ్వు వచ్చింది. నేను నవ్వడం చూసి ముందు భయపడి, తర్వాత ఆ పిల్ల కూడా నవ్వింది. ఏడుపు మొహం మీద నవ్వు వస్తే ఎంత బాగుంటుందో అప్పుడు చూశాను.

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "గొర్ల మీద చెయ్యి. మీ ఇంటి పనే గద, తొందరగ అయితది" అని సలహా ఇచ్చాను.

"నన్ను జూస్తే అందరికి గొర్లే యాదికొస్తయ్ మేడం. వద్దు" అంది ఖరాఖండిగా. "గీ సముద్రం యాడికెళ్ళి వచ్చిందో గది తెల్సుకుంట. తాండూరు దాంక ఎట్ల వచ్చింది, నా చేతికి ఎందుకొచ్చింది, గదే రాస్త."

ఇన్నేళ్ళలో ఒక విద్యార్థి నోట అసలైన పరిశోధన ప్రశ్న వినడం అదే మొదలు. దగ్గరికి తీసుకొని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాను.

ముందు భాయ్ దుకాణానికి పోయాం. నన్ను చూడగానే ఆయన జిరాక్స్ మిషన్ వెనక్కి జరిగాడు.

"నా మీద గుస్సా చెయ్యకుండ్రి మేడం. పోరగాళ్ళు వచ్చి, 'భాయ్, రేపే లాస్ట్ డేట్' అని ఏడుస్తరు. జర రహమ్ జేసి ఇస్త. ఈ బేటీ ఆఖర్ల వచ్చింది, పాతయన్ని అయిపోయినయ్. కొత్త ఫైల్ ఒకటి ఉండె. ఊరి పేరు తీసి తాండూర్ పెట్టమంటే కంప్యూటర్ ఒక్క దెబ్బల అంతట మార్చింది."

"చేపలు, పడవలు ఉన్నయి గద భాయ్, అనుమానం రాలేదా?"

"మన కోట్‌పల్లి చెరువుల పడ్తలేరా చేపలు? గట్లనే అనుకున్న!"

ఆ ఫైల్ హైదరాబాద్‌లో టైపింగ్ సెంటర్ నడిపే దోస్తు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడని చెప్పాడు. మొదట అందులో ఏ ఊరి పేరు ఉందో మాత్రం ఆయనకు యాది లేదు. దోస్తుకు ఫోన్ చేస్తే, వందల ఫైళ్ళలో ఏది ఎవరిదో తనకేం తెలుసన్నాడు.

ఇక వెతుకులాట మా మీద పడింది. గైడ్‌లో రాసినట్టు ఆ పిల్ల ప్రాజెక్ట్‌లోంచి ఒక వాక్యం తీసి, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి వెతికింది. ఏమీ రాలేదు. చూస్తే ఆ వాక్యంలో తాండూరు ఉంది. ఊరి పేరు లేని వాక్యం తీసుకుంది. అయినా లేదు. ఆమె మొహం వాడిపోయింది. అప్పుడు నాకు తట్టింది. మన తెలుగు థీసిస్‌లు చాలా వరకు పేజీలను ఫోటో తీసి పెట్టినవే. మన కంటికి అక్షరాలు కనిపిస్తాయి గానీ వెతికే యంత్రానికి అది ఒట్టి బొమ్మ.

"అయితే ఎట్ల మేడం?"

"ఎట్లనేమున్నది, బీరువాల వెతికినట్టే. ముందు శాఖ, తర్వాత భాష, తర్వాత కోస్తా జిల్లాలు. ఒక్కొక్కటి తీసి విషయసూచిక చూడాలె."

ఆమె కంప్యూటర్ మీద, నేను ఫోన్ మీద. సాయంత్రం రైల్లో కూడా అదే పని. వికారాబాద్ దాకా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, పక్క సీటు పెద్దమనిషి "ఏందమ్మా, బిడ్డ రిజల్ట్ చూస్తున్నవా?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధమేం కాదు కదా!

రెండు రోజులు ఇలాగే గడిచాక, ఒక మధ్యాహ్నం తెర మీద ఒక విషయసూచిక తెరుచుకుంది. మూడో అధ్యాయం పేరు "ఎండు చేపలు, తడి చీరలు". ఆ పిల్ల తన ప్రాజెక్ట్ తీసింది. మూడో అధ్యాయం, "ఎండు చేపలు, తడి చీరలు". ఇద్దరం ఒకేసారి కెవ్వున అరిచాం. నిశ్శబ్దం పాటించాలన్న బోర్డు నేనే రాయించి, మా నెత్తి మీదే వేలాడదీయించాను. ప్యూన్ పరుగెత్తుకొచ్చి పాము వచ్చిందా అని అడిగాడు.

తను కొన్న ప్రాజెక్ట్‌ను ఆ పిల్ల అప్పుడు మొదటిసారి చదివింది. మర్నాడు పొద్దున నేను రాకముందే తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మేడం, గా థీసిస్ రాసినామె మస్తుగ రాసింది! ఆడ ఆడోళ్ళే చేపలమ్మి ఇల్లు ఎల్లదీస్తరంట. మొగోళ్ళు నీళ్ళ మీదికి పోతే ఎప్పుడొస్తరో ఎరుక లేదంట. మా నాయిన మందతోని పోతే మా అమ్మ గిట్లనే ఎదురుచూస్తది. నేనొద్దన్న గొర్లు ఆడికి పోతే చేపలైనయ్ మేడం."

థీసిస్ రాసినావిడ ఇప్పుడు కోస్తాలో లెక్చరర్ అని తెలిసింది. జరిగిందంతా దాచకుండా మెయిల్ రాయించాను. తిడుతుందేమోనని ఇద్దరికీ గుబులుగానే ఉంది. సాయంత్రానికి ఆవిడే ఫోన్ చేసింది. నేను స్పీకర్ పెట్టాను.

"ఏమ్మాయ్, మీ తాండూర్లో మా చేపలు బాగా పడుతున్నాయా?" అని, అటునుంచి పగలబడి నవ్వు. "ఎండలో ఆ ఊళ్ళన్నీ తిరిగి రాశానమ్మా. మా గైడు ప్రొఫెసర్ గారు కూడా చివరిదాకా చదివారో లేదో నాకు అనుమానమే. నువ్వు చదివావుగా, అది చాలు. హైదరాబాద్‌లో మా అక్కావాళ్ళింటి పక్కన టైప్ చేయించాను, అక్కడే జారిపోయి ఉంటుంది. అంతా రాసుకో. నా పేరు మాత్రం సరిగ్గా వెయ్యమ్మా!"

సముద్రం వచ్చిన దారి దొరికింది. అది తన చేతికి ఎందుకొచ్చిందన్నది మిగిలింది. తోటి పిల్లల్ని అడుగుదామంటే ఒక్కరూ నోరు విప్పలేదు. తమ బండారం బయటపడుతుందని భయం. ఆ పిల్ల గైడ్‌లోని ఆ పేజీ తెరిచి వాళ్ళకే చదివి వినిపించింది. ఎందుకు అడుగుతున్నదీ ముందే చెప్పాలి, ఒప్పుకుంటేనే అడగాలి, పేర్లు రాయకూడదు, వద్దంటే ఊరుకోవాలి. "పేరు అడగ, రాయ. మీ ఇష్టమైతేనే చెప్పుండ్రి" అంది. క్యాంటీన్ పక్కన ఒక్కొక్కరే వచ్చి చెప్పసాగారు. ఎక్కడ వెతకాలో తెలియదన్నవాళ్ళున్నారు, ఇంగ్లీషంటే బెరుకన్నవాళ్ళున్నారు. తలుపు మీది స్కానర్ సంగతి మాత్రం దాదాపు అందరూ చెప్పారు. నా కోపం గురించి కూడా చెప్పారట. అది కూడా రాయమన్నాను, ఏం చేస్తాం!

భాయ్ కూడా వచ్చి గైడ్ బొమ్మ కాపీ ఒకటి అడిగి తీసుకుపోయాడు. తీసుకుపోయి తన డబ్బుల స్కానర్ పక్కనే అంటించాడు. ఆ రోజంతా దుకాణం ముందు ఒకటే గోల. "భాయ్, పైసలు పోతలేవు, జనాభా లెక్కలు వస్తున్నయ్!" అని ఎవరో అరుస్తుంటే నా లైబ్రరీ దాకా వినిపించింది.

వారం తిరిగింది. ఎగ్జామినర్ గారు మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. ఈసారి నేను బీరువా వెనక దాక్కోలేదు, ఎదురుగానే నిలబడ్డాను. ఆయన పేజీలు తిప్పుతున్నాడు. కౌన్సెలింగ్, హైదరాబాద్, ఎమ్మే, అంతా ఆయన చేతిలోని పెన్నులోనే ఉంది. చివరికి పుస్తకం మూసి, "అయితే తాండూరులో సముద్రం ఎటువైపు ఉందమ్మా?" అన్నాడు.

ఆ పిల్ల ఈసారి తడుముకోలేదు.

"తాండూరుల సముద్రం లేదు సార్. గది కోస్తాల ఒక మేడం రాసిన థీసిస్‌ల ఉంది. ఆడికెళ్ళి టైపింగ్ సెంటర్‌కు, ఆడికెళ్ళి పెన్‌డ్రైవ్‌ల మా కాలేజీ ముంగటికి వచ్చింది. నేను చదవకుంట నా పేరు పెట్టుకున్న, గందుకే నా కాడ దొరికింది. ఆధారాలన్ని ఆఖరి పేజీల రాసిన సార్."

"మరి బస్టాండ్ వెనక ఏముంది?"

"నిన్న పోయి చూసొచ్చిన సార్. నాపరాళ్ళు పేర్చి ఉన్నయ్. రెండు మేకలు పడుకున్నయ్."

ఆయన గట్టిగా నవ్వేశాడు. మార్కులు వేసి, సంతకం పెట్టి, పోతూ పోతూ తలుపు దగ్గర ఆగాడు. జేబులోంచి ఫోన్ తీసి నా వైపు తిరిగి, "ఫైన్ ఎంత కట్టమంటారు మేడం?" అన్నాడు. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ పిల్ల బయటికి పరుగెత్తి వాళ్ళ నాయినకు ఫోన్ చేసింది. ఆయన మందతో ఎక్కడో బీడులో ఉన్నాడు. గొర్ల అరుపుల మధ్య మాట వినబడక స్పీకర్ పెట్టింది.

"నాయినా, పాసైన! హైదరాబాద్ పోతున్న!"

"మస్తు సంబురం బిడ్డా! దేని మీద రాసినవ్?"

"సముద్రం మీద నాయినా."

"సముద్రం నువ్వెన్నడు జూసినవ్?"

"జూడలే నాయినా. జూడకుంట రాయొద్దని, గదే రాసిన."