ఆఖరున వచ్చినవాళ్ల బండ

మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య వేసవి మధ్యాహ్నాల్లో పార్కింగులో నీళ్లు చల్లుతుంది. కాలిన బండ మీద నీళ్లు పడగానే చుయ్యిమని లేచే వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. నేను ఏసీ ఆపి కిటికీ తెరుస్తాను. చల్లగాలిని బయటికి పంపి వడగాలిని లోపలికి పిలిచే మనిషిని మావారు ఇంకెక్కడా చూసి ఉండరు. ఏం చెయ్యను, ఆ వాసన వెంటే మార్తమ్మవ్వ వస్తుంది.

మొయినాబాదు నుంచి చేవెళ్ల పోయే దారిలో మా ఊరు. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులు. నా ఇంటర్ అయిపోయింది, ఇంటర్వ్యూలింకా మొదలు కాలేదు. పొలం అమ్మేశాక బాపు సాఫ్ట్‌వేర్ వాళ్లను తిప్పే కారు నడిపేవాడు. అమ్మ గండిపేట విల్లాల్లో పనికి పోయేది. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. పైన సిమెంటు రేకులు. ఎండ నెత్తికెక్కితే ఇల్లు ఇడ్లీపాత్ర, నేను ఇడ్లీ. తడి తువాలు కప్పుకున్నాను, మంచం కింద దూరాను, కుండ పక్కన చాప వేసుకున్నాను. మాట్లాడేందుకు మనిషి లేకపోతే వేడి ఇంకాస్త ఎక్కువగా కాలుస్తుందని అప్పుడే తెలిసింది.

ఒకనాడు బోరింగు దగ్గర మార్తమ్మవ్వ ఎదురైంది. మా ఊరి పాత చర్చిని ఊడ్చి, తాళం తీసి వేసే మనిషి.

"ఏం పిల్లా, మొకం గట్ల వాడింది? పగటీలి చర్చికి రారాదా?"

"మేం చర్చికి రాము గద అవ్వా."

"నేను ప్రార్థనకు పిలుస్తలేను, పండుకోను పిలుస్తున్న. గురక వెట్టకు, గంతే."

మూరెడు మందం సున్నపు గోడలు, నేలంతా తాండూరు బండలు. అవ్వ వాటిని తడిపి తలుపు తెరిచి పెట్టేది. ఊరి ఆడవాళ్లు, ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, కొంగు పరుచుకుని వరుసగా ఒరిగేవారు. అక్కడొక కట్టుబాటు ఉండేది. ఉత్తరపు కిటికీ కింద ఉన్న బండ అన్నిటికంటే చల్లన. దాన్ని ఆఖరున వచ్చినవాళ్లకు వదిలిపెట్టాలి, ముదిరిన ఎండలో నడిచి వచ్చింది వాళ్లే గనుక. నేను రెండోరోజే తెలివి చూపించి, గోడ చాటున నిలబడి, అందరూ చేరాక లోపలికి పోయాను. అవ్వ నా నెత్తి మీద చెయ్యి పెట్టి చూసింది.

"నెత్తి సల్లగనే ఉన్నది. నీడకు నిలవడ్డవా? పో, ఆ మూలకు పండు."

"ఇంటర్ సదివింది గద, గా మాత్రం తెలివి ఉండదా?" అంది పక్కింటి యాదమ్మక్క. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే నాకు నిద్ర పట్టేసింది.

మరుసటి వేసవికి పొలాలు పోయి, కూలి పోయి, కూలర్లు వచ్చాయి. యాదమ్మక్క కొడుకు ఏకంగా ఏసీ పెట్టించాడు. ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి అవ్వ, నేను మిగిలాం. ఎవరూ రాకుంటే మధ్యాహ్నం తలుపు తెరవడమెందుకు, తాళం వేసెయ్యమని చర్చి పెద్దలు అన్నారట. "ఈ పిల్ల వస్తది గద" అని అవ్వ నన్ను చూపించింది. అలా నేను నిద్రపోవడమే ఒక ఉద్యోగమైంది. మొదట వచ్చేదీ, ఆఖరున వచ్చేదీ నేనే గనుక చల్లటి బండ నాదేనన్నాను.

"ఆగు, యాదమ్మ రావచ్చు."

"ఆమెకు ఏసీ ఉన్నది అవ్వా."

"ఏసీ ముచ్చట వెడ్తదా? కరెంటు పోతె వస్తది, సూడు."

కరెంటు పోయిన రోజుల్లో అవ్వ ముఖం వెలిగేది. ఆ బండను ఇంకోసారి తడిపేది. ఇళ్లలోకి ఇన్వర్టర్లు కూడా వచ్చేశాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ వేసవి మధ్యలోనే మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్ నుంచి పిలుపు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. నేను పోతే ఆ తలుపు మూతపడుతుంది. రెండు మూడు రోజులు దిగమింగుకుని, చివరికి చెప్పాను. అవ్వ చీపురు ఆపలేదు.

"నౌకరి దొరికినంక ఫికరెందుకు బిడ్డా? పో."

బయలుదేరే రోజు కూడా మధ్యాహ్నం పోయాను. అవ్వ కిటికీ కింది బండను తడిపి, చీరకొంగుతో తుడిచింది.

"పండు. ఇగ ఆఖరుకు వచ్చేది నువ్వే."

ఎన్నాళ్లుగానో ఆశపడిన బండ. వీపు కింద కుండనీళ్లంత చల్లగా ఉంది. నిద్ర మాత్రం రాలేదు. కళ్లు తెరిస్తే అవ్వ గడప మీద కూర్చుని దారివైపు చూస్తోంది. ఇన్ని మధ్యాహ్నాల్లో ఆమె పడుకోగా నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తట్టింది.

"నువ్వు పండవా అవ్వా?"

"అందరం పంటె తలుపు కాడ ఎవలుండాలె?"

"నేనుంట. నువ్వు రా."

వద్దువద్దంటూనే వచ్చి ఒరిగింది. కాసేపటికే ఆమె చెయ్యి బండ మీద వదులుగా పడిపోయింది. నేను గడప మీద కూర్చున్నాను. దారిలో ఎండ తప్ప ఎవరూ లేరు. ఒక మనిషి నన్ను నమ్ముకుని నిద్రపోవడం నాకదే మొదటిసారి. బస్సు వేళ దాటిపోతున్నా లేపబుద్ధి కాలేదు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా పగటిపూట కునుకు తీస్తే నేను పడుకోలేను. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. "ఎవరొస్తారని?" అంటారు మావారు. నేను మెల్లగా మాట్లాడమని సైగ చేస్తాను.