నురుగు ఆరేదాకా

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడాది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూలుకు ఎదురుగా నా కటింగ్ షాపు. మూడు కుర్చీలు, మూడు అద్దాలు, ఆ మూడింట్లోనూ మెరిసే నా బట్టతల. తన నెత్తి మీద ఒక్క వెంట్రుక నిలుపుకోలేనివాడికి జనం తలలు ఎట్లా అప్పగిస్తారో నాకే తెలియదు. కొత్త గిరాకీ ఎవరైనా అనుమానంగా చూస్తే, "ఫికర్ చెయ్యకు, గిది నేను చేసింది కాదు, దేవుడు చేసిండు. ఆయనకు పని రాదు. నీది నేను చేస్త" అంటాను. నవ్వి కూర్చుంటాడు. ముప్పై ఏళ్లుగా ఈ షాపును సగం కత్తెరతో, సగం నోటితో నడిపాను. ఇప్పుడు రాసేది ఆ నోటి సంగతి.

ఒకరోజు మధ్యాహ్నం స్కూల్లో అన్నాల గంట కొట్టాక ఒక సార్ వచ్చి మూల కుర్చీలో కూర్చున్నారు. పదో తరగతికి లెక్కలు చెప్పే రవీందర్ సార్. గడ్డం చూస్తే పొద్దున్నే గీసుకున్నట్టు నున్నగా ఉంది.

"షేవింగా సార్?"

"షేవింగే. కని గియ్యకు."

"గియ్యకుంట షేవింగేంది సార్?"

"నురుగు వెట్టి ఇడిసిపెట్టు. ఇరవై నిమిషాలు కండ్లు మూసుకుంట. స్టాఫ్ రూంల మూస్తే సార్ పండుకున్నడంటరు. ఈడ మూస్తే గడ్డం చేయించుకుంటుండంటరు."

మా పనిలో దాన్ని లాథర్ అంటాం, బ్రష్‌తో గిలకొట్టి ముఖానికి పట్టించే సబ్బు నురుగు. ఫ్యాను కింద పది నిమిషాల్లో ఆరుతుంది. ఆరితే చర్మం గుంజుతుంది, మనిషికి మెలకువ వస్తుంది. అందుకని నడుమ ఒకసారి గోరువెచ్చని నీళ్లలో బ్రష్ ముంచి మెల్లగా తిప్పేవాణ్ని. రెండోసారి ఆరేసరికి ఇరవై నిమిషాలు. ఇంకే అలారం అక్కర్లేదు. కండ్ల మీద హాట్ టవల్, అంటే వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాల, కప్పేవాణ్ని. మెడలో నీలం తాడుకు ఉండే స్కూలు ఐడీ కార్డు సార్ తీసి అద్దం పక్కన కొక్కానికి తగిలించేవారు.

కండ్లు మూసుకునే ముందు రోజూ ఒక పని చేసేవారు. సంచిలోంచి చిన్న మిషను తీసి, వేలికి సూది గుచ్చి, రక్తపు బొట్టు అంటించి అంకె చూసేవారు. అంకె బాగుంటేనే తల వెనక్కి వాల్చేవారు. తక్కువుంటే ముందు గ్లూకోజ్ బిళ్లలు నమిలి, కాసేపాగి, మళ్లీ గుచ్చుకుని చూసేవారు.

"షుగరా సార్? మా మామకు గూడ ఉంది. కాకరకాయ రసం తాగుతడు."

"మీ మామది వేరే. నాది టైప్ వన్. పదకొండేండ్లకే వచ్చింది. నా ఒంట్ల ఇన్సులిన్ తయారే కాదు, బతికినన్ని దినాలు బయట్నుంచి సూదితోనే ఎక్కియ్యాలె. నలభై ఏండ్ల సంది ఎక్కిస్తున్న."

"మరి నిద్ర?"

"నిద్ర కాదు మల్లేశం, అలుపు. షుగర్ పడిపోతే ఒక అలుపు, చెమటలు వడ్తయి, చేతులు వణుకుతయి. ఎక్కువైతే ఇంకోటి, నోరెండుకపోతది. గా రెండింటికి మందుంది. మూడోదొకటి ఉంది. అంకె మంచిగనే ఉంటది, మనిషే ఉండడు. ముప్పై ఏండ్లప్పుడు గింత లేకుండె. యాభై దాటినంక రోజు వస్తుంది. డాక్టరుకు చెప్తే రిపోర్టులు మంచిగనే ఉన్నయి కద అంటడు. ఇంట్ల చెప్తే రాత్రి పండుకున్నవు కద అంటరు. అందుకే కష్టమైన లెక్కలన్ని పొద్దుగాల్నే చెప్తున్న. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు నీ దగ్గర. గది దొరికితే సాయంత్రం దాకా నిలవడ్త."

నాకూ ఒక ముచ్చట గుర్తొచ్చి చెప్పాను. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. మా బాపు షాపు పొద్దున ఐదింటికే తెరిచి ఊడ్చి, నీళ్లు పట్టి బడికి పోయేవాణ్ని. ఒకరోజు క్లాసులో కునుకు పట్టింది. సారు నన్ను లేపకుండా పిల్లలందరినీ నా చుట్టూ నిలబెట్టి, "చూడుండ్రి, మంచం ఒక్కటే తక్కువ" అన్నాడు. లేచేసరికి నలభై నోళ్లు నవ్వుతున్నాయి. మళ్లీ ఆ బడికి పోలేదు. ఇది నేను ఎప్పుడు చెప్పినా గిరాకీలు పడిపడి నవ్వుతారు. ఆ సారులాగా గొంతు మార్చి మరీ చెబుతాను.

రవీందర్ సార్ నవ్వలేదు. "ఆ సారు పేరేంది?" అన్నారు. ఠక్కున చెప్పాను. ఇక్కడ రాయను.

"గిన్నేండ్లయినా యాదికుందా?"

"ఎట్ల మర్చిపోత సార్" అని నేనే నవ్వాను.

అట్లా ఏడాదిన్నర నడిచింది. దసరా సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం, సార్ మూల కుర్చీలో తువ్వాల కింద ఉన్నారు. రెండో కుర్చీలో నేను ఒకాయనకు కటింగ్ చేస్తున్నాను. మూడో కుర్చీ చూసుకునే మా తమ్ముడు ఆ రోజు రాలేదు. బెంచీ మీద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. అప్పుడు ఆ స్కూలు కరస్పాండెంట్, అంటే దాని యజమాని, మీసానికి రంగు వేయించుకోవడానికి వచ్చాడు. నాకు తెలియక కాదు. అతని ఫోటో ఫ్లెక్సీ మీద నా షాపుకు ఎదురుగానే ఏడాది పొడుగునా నవ్వుతూ ఉంటుంది.

"గా మూలకున్నాయనది ఎప్పుడైతది?" అన్నాడు.

ఫేషియల్ సార్, పది నిమిషాలు అంటే అయిపోయేది. కానీ బెంచీ మీద ఇద్దరు, కుర్చీలో ఒకరు, నిలబడి ఒకరు. నలుగురు నా నోటి వంకే చూస్తున్నారు. నలుగురు దొరికితే నా నోరు ఆగదు.

"ఆయనది ఇప్పట్ల కాదు సార్. పొద్దుగాల బడిల పిల్లలను పండవెడ్తడు, పగటిపూట ఈడికొచ్చి ఆయన పంటడు."

అందరూ నవ్వారు. కరస్పాండెంట్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కొక్కానికున్న నీలం తాడు చూశాడు. కార్డు తిప్పి పేరు చదివి, మళ్లీ ఎట్లా ఉన్నదట్లా తగిలించాడు. "మళ్లొస్త" అని రంగు వేయించుకోకుండానే వెళ్లిపోయాడు.

నేను మూల కుర్చీ వైపు తిరిగాను. తువ్వాల కదల్లేదు. మూతి పక్కన ఆరిన నురుగు మాత్రం నిలువుగా పగిలింది. పడుకున్న మనిషి ముఖం మీద నురుగు అట్లా పగలదు. పెదవి బిగబట్టుకుంటే పగులుతుంది.

ఆ రోజు డబ్బులిచ్చి, ముఖం తానే కడుక్కుని వెళ్లారు. మళ్లీ రాలేదు.

సెలవుల తర్వాత పదో తరగతి ఆయన దగ్గర నుంచి తీసేశారని ఆ స్కూలు అటెండర్ నా దగ్గర గడ్డం గీయించుకుంటూ చెప్పాడు. మీటింగులో కరస్పాండెంట్ నా జోకునే మళ్లీ చెప్పాడట, అందరూ నవ్వారట. సార్ డాక్టర్ చీటీ చూపిస్తే, "మా ఇంట్ల ముగ్గురికి షుగరుంది సార్, ఎవ్వరు పండుకుంటలేరు" అన్నాడట. నెల తిరక్కుండానే, ఇక ఇంటి దగ్గరే రెస్ట్ తీసుకొమ్మని ఉద్యోగంలోంచి తీసేశారు.

నేను స్కూలుకు పోయాను. బడి మానేసిన ఇన్నేళ్లకు ఒక హెడ్డు గదిలో, కరస్పాండెంట్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సార్, ఆయన అన్నం టైంలనే వస్తుండె. క్లాసుల ఎన్నడు పండుకోలే. సాయంత్రం పిల్లలకు మంచిగ చెప్పాల్నని గా ఇరవై నిమిషాలు..."

"నువ్వే చెప్పినవు కద మల్లేశం, పిల్లలను పండవెడ్తడని."

"గది జోకు సార్."

"మరి ఇప్పుడు చెప్తున్నది?" అని నవ్వాడు. ముప్పై ఏళ్లు నలుగురిని నవ్వించి సంపాదించుకున్న పేరు అది. నిజం చెప్పినా ఎవడూ నమ్మడు.

సార్ ఇంట్లో ట్యూషన్లు పెట్టుకున్నారని విన్నాను. ట్యూషన్ అంటే సాయంత్రం ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆయన ఒంట్లో ఏమీ మిగలని వేళే అది. ఓపిక ఉండే పొద్దుటి పూట పిల్లలు దొరకరు. చేతనైన గంటలన్నీ ఖాళీగా పోతున్నాయి, చేతకాని గంటల్లో పని చేయాల్సి వస్తోంది. అందులో నా చెయ్యి ఉంది. కాదు, చెయ్యి కాదు.

ఈ పనిలో గడ్డం, జుట్టు, మీసం ఎవరైనా నేర్పుతారు. కండ్లు మూసుకుని మెడ అప్పగించిన మనిషి ఇంకా ఏమేం అప్పగిస్తాడో ఎవరూ నేర్పలేదు. నేను తెలుసుకునేసరికి దానికి జరిమానా కట్టింది నేను కాదు. ఇప్పుడు నా షాపులో ఎవరు కండ్లు మూసుకున్నా నేను నోరు మూసుకుంటాను. షాపు చప్పగా అయిందని గిరాకీలు అంటున్నారు. ఆయనకు దానివల్ల ఒరిగింది ఏమీ లేదు.

వేసవి మొదట్లో సార్ వచ్చారు. మూల కుర్చీలో కాదు, నడిమి కుర్చీలో కూర్చున్నారు. నిజంగానే నాలుగు రోజుల గడ్డం ఉంది. ముఖం పీక్కుపోయింది. నురుగు పట్టించాను. కండ్లు మూయలేదు. అద్దంలోంచి నా చేతుల వంకే చూస్తూ ఉన్నారు. గీయడం అయ్యాక తువ్వాల వేడి చేసి తెచ్చాను.

"సార్, షాపుల ఎవ్వరు లేరు. ఇరవై నిమిషాలు వాలుండ్రి. షట్టర్ గుంజుత."

"వద్దు."

"తప్పయింది సార్. నోటి తొందర. జర మర్చిపోండ్రి."

ఆయన లేచి సంచి భుజానికి వేసుకున్నారు.

"మల్లేశం, ఏడో తరగతిల నిన్ను జూసి నవ్విచ్చిన సారు పేరు యాదికుందా?"

"ఉంది సార్."

"నాకు నీ పేరు గూడ గంతే."