నేను పుట్టిల్లయిన కాన్పు

ఎనభైల్లో వెల్దుర్తి అవతల ఒక ఊళ్ళో నేను ప్రభుత్వ నర్సును. గర్భిణీల ఇళ్ళకు వెళ్ళి కడుపు చూడటం, రక్తం మాత్రలు ఇవ్వటం, కాన్పు చేయటం, ఆ తర్వాత తల్లీబిడ్డలను కనిపెట్టుకుని ఉండటం నా పని. చెప్పడానికి బాగానే ఉంటుంది. కానీ తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా! నేను నెలల తరబడి చూసిన పిల్లను ఏడో నెలలో వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోయేది. ఏ ముప్పాళ్ళ నుంచో ముక్కూ మొహం తెలియని పిల్ల కాన్పుకని మా ఊరు వచ్చేది. నేను చూసిన కడుపులు వేరు, నేను పట్టుకున్న బిడ్డలు వేరు. నాకు ఒళ్ళు మండేది.

ఒక పిల్లను తీసుకుపోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. తనను కంటూనే తల్లి పోయింది. తండ్రి మారు పెళ్ళి చేసుకుని కబురు కూడా పంపలేదు. తనూ అలాగే పోతానని ఆ పిల్ల భయం. గొట్టం పెట్టి బిడ్డ గుండె వింటుంటే నా చెయ్యి పట్టుకునేది.

"నొప్పులప్పుడు నువ్వే ఉంటావుగా నర్సమ్మా?"

"ఊళ్ళో ఉంటే ఉంటాను" అనేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళూ నావే. మాట ఇచ్చి తప్పడం నాకు చేతకాదు.

వాళ్ళత్తకు వేరే బెంగ. "తొలి కాన్పు అత్తింట్లో ఏందమ్మా, చానా తప్పు" అంటూ తిరిగేది. చివరికి నెలలు నిండాక కోడలినీ గుడ్డల మూటనూ నులక మంచాన్నీ తెచ్చి నా క్వార్టర్సు ముందు దించింది.

"ఇదే దాని పుట్టిల్లు అనుకుంటాం నర్సమ్మా."

"నేను ఉద్యోగానికొచ్చానా, మీ కోడళ్ళకి పురుళ్ళు పొయ్యడానికొచ్చానా?" అని కసిరాను.

"పురుడు పొయ్యడమేగా నీ ఉద్యోగం" అంది. విసుక్కుంటూనే మంచం లోపల వేయించాను.

మాచర్లలో మీటింగని నేను బయల్దేరుతుంటే నొప్పులు మొదలయ్యాయి. మీటింగు మానేశాను, తర్వాత డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. ఆ పిల్ల నా చెయ్యి వదిలితే ఒట్టు. "వదలవే, ఒంటి చేత్తో పని ఎట్టా చెయ్యను?" అని అరిచాను. ఆడపిల్ల పుట్టింది. అయినా మాయ పడి, రక్తం కట్టేదాకా నాకు ఊపిరాడలేదు. వాళ్ళమ్మ పోయింది అలా రక్తం కట్టకనే.

పుట్టిల్లన్నాక మర్యాదలన్నీ నా నెత్తిన పడ్డాయి. మూడో నెలలో పిల్లను అత్తింటికి పంపాలి, చలిమిడి పెట్టాలి. మా ఇంట్లో ఏసుప్రభువు పటమే గానీ కుంకుమ భరిణె ఎక్కడిది? పక్కింటి అక్కనడిగి పసుపు కుంకుమలు తెచ్చాను. చలిమిడి నేనే చేశాను. పాకం ముదిరి గట్టిపడింది.

ఆ పిల్ల బిడ్డను ఒళ్ళో వేసుకుని, ఆ గట్టి చలిమిడినే కొరుక్కుంటూ కూర్చుంది.

"మా అమ్మ నన్ను ఒక్కసారన్నా ఎత్తుకుందో లేదో నర్సమ్మా" అంది.

నాకు ఏడుపొచ్చింది.

"ముందు తినవే, బస్సెళ్ళిపోద్ది" అన్నాను.

వాళ్ళ ఇల్లు పక్క వీధిలోనే. ఏ బస్సూ ఎక్కే పని లేదు.